నాలుగు వరసలున్నంత మాత్రాన ఎక్స్‌ప్రెస్‌వే కాదు

రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషిని క్యాజువాలిటీకి తీసుకురాగానే మేం అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, బండి ఎంత స్పీడులో ఉందని. పోలీసు కేసు కోసం కాదు. దెబ్బ పైకి కనిపించేంతేనా, లోపల కాలేయమో, ప్లీహమో, మెదడో దెబ్బతిని ఉంటుందా అన్నది ఆ జవాబును బట్టి కొంత అంచనా వేయవచ్చు. వెంట వచ్చినవాళ్లు చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘‘స్పీడేం లేదు సార్. హైవే కదా, మామూలుగా వందలో వస్తున్నాం.’’

ఈ వారం ఆ ‘హైవే కదా’ అన్న మాట గురించే మాట్లాడుకుందాం. ఆరోగ్యం పేజీలో రోడ్ల సంగతి ఎందుకని అనుకోకండి. బీపీ మాత్ర డోసు ఎంతో పది మందిని అడిగి తెలుసుకునే మనం, రోడ్డు మీద వేగం డోసును మాత్రం రోడ్డు వెడల్పు చూసి మనమే రాసుకుంటున్నాం.

హైవే అంటే ఏమిటని అడిగితే ఎక్కువమంది చెప్పేది నాలుగు వరసలు, మధ్యలో డివైడర్, దారిలో టోల్‌గేట్. నిజానికి జాతీయ రహదారి అన్నది బాధ్యత ఎవరిదో చెప్పే పేరు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద కేంద్రం ఒక రోడ్డును తనదిగా ప్రకటిస్తే అది జాతీయ రహదారి అవుతుంది. రెండు వరసలదైనా, ఆరు వరసలదైనా, అడవిలోంచి పోయినా, సంత మధ్యలోంచి పోయినా దాని పేరు అదే. ఆ నంబరు బోర్డు రోడ్డును ఎవరు వేయాలో, గుంత పడితే ఎవరు పూడ్చాలో చెబుతుంది. ఎంత వేగంగా పోవచ్చో చెప్పదు. టోల్ రసీదు కూడా చెప్పదు. డబ్బు కట్టాం కాబట్టి స్పీడు కొనుక్కున్నట్టే అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువని నా అనుభవం.

వేగం కోసమే కట్టిన రోడ్డుకు వేరే పేరుంది. బ్రిటన్‌లో మోటార్‌వే అంటారు, మన దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే. 1968 నాటి వియన్నా రోడ్డు రవాణా ఒప్పందం మోటార్‌వేకు ఇచ్చిన నిర్వచనం చూడండి. దాని పక్కనున్న ఇళ్లకు, దుకాణాలకు ఆ రోడ్డు మీంచి నేరుగా దారి ఉండకూడదు. రెండు దిశలకూ వేర్వేరు బాటలుండాలి. మరో రోడ్డు గానీ, రైలు పట్టా గానీ, కాలిబాట గానీ అదే మట్టంలో దాన్ని అడ్డంగా దాటకూడదు. ఇది మోటార్‌వే అని తెలిపే బోర్డు ఉండాలి. ఇన్ని వరసలుండాలన్న షరతు ఇందులో లేదు. బ్రిటన్ తొలి మోటార్‌వే అయిన ప్రెస్టన్ బైపాస్ 1958 డిసెంబరులో తెరిచినప్పుడు ఒక్కో వైపు రెండే వరసలు. వరసల లెక్కలో మన హైదరాబాద్ - విజయవాడ రోడ్డంతే! తేడా ఎక్కడంటే, అక్కడ నడిచేవాళ్లు, సైకిళ్లు, పొలం ట్రాక్టర్లు రోడ్డెక్కడానికి వీల్లేదు. అంత చేసి కూడా ఏడేళ్లు తిరగ్గానే, 1965 డిసెంబరులో, గంటకు 70 మైళ్లు, అంటే సుమారు 112 కిలోమీటర్ల పరిమితిని ప్రయోగంగా పెట్టారు. 1967లో దాన్ని శాశ్వతం చేశారు.

మనకు దగ్గరలో ఆ నిర్వచనానికి సరిపోయే రోడ్డు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌ఛేంజ్ దగ్గరే. టూవీలర్లకు, పాదచారులకు ప్రవేశం లేదు. 2023లో అక్కడ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. అదీ లోపలి రెండు వరసలకే. బయటి రెండింటికి 80. నలభైకి తగ్గి నడపకూడదు కూడా. ఆ అంకెలు మరీ ఎక్కువా అన్న వాదన ఉంటే ఉండనీయండి, కనీసం ఆ రోడ్డుకొక తర్కం ఉంది. గేదె అడ్డం రాదు, ఎదురుగా ఆటో రాదు. ఔటర్ దిగి విజయవాడ వైపో, కర్నూలు వైపో తిరగగానే ఆ తర్కం అక్కడితో ఆగిపోతుంది. మన కాలు మాత్రం ఆగదు.

మరి అలాంటి రోడ్ల మీద వేగం ఎవరు నిర్ణయిస్తారు? మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ఆ అధికారం ప్రభుత్వానికిచ్చింది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన పట్టికలో రోడ్లకు నాలుగు గదులున్నాయి. రాకపోకల నియంత్రణ ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే, డివైడర్ ఉన్న నాలుగు వరసలు లేదా అంతకు మించిన రోడ్డు, మునిసిపల్ హద్దుల్లోని రోడ్డు, మిగతావన్నీ. కార్లకు వరసగా 120, 100, 70, 70. బస్సులకు 100, 90, 60, 60. లారీలకు 80, 80, 60, 60. ఇవి గరిష్ఠాలే. ఇంతకన్నా తగ్గించే వీలు స్థానికంగా ఉంది. 2021లో మద్రాసు హైకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసు విచారిస్తూ ఈ నోటిఫికేషన్‌నే కొట్టేసింది, వేగాలు ఎక్కువయ్యాయని. ఔటర్ మీద 120 బోర్డు వచ్చింది ఆ తర్వాతే.

నన్ను ఇబ్బంది పెట్టేది 100 అన్న అంకె కన్నా ఆ నాలుగు గదులు. మళ్లీ చూడండి. అందులో ఊరు లేదు. మునిసిపాలిటీ ఉంది, ఊరు లేదు. మునిసిపల్ హద్దులోకి వస్తే కారు 70కి తగ్గాలి. అదే నాలుగు వరసల రోడ్డు ఒక పంచాయతీ నడిబొడ్డు నుంచి పోతూ, ఒకవైపు బడి, మరోవైపు బస్టాపు, గుడి, కల్లు దుకాణం ఉన్నా, ఎవరైనా ప్రత్యేకంగా బోర్డు పెట్టించకపోతే పట్టిక ప్రకారం అక్కడ 100. రోడ్డు దాటే ముసలమ్మ ఎముకకు తన ఊరు పంచాయతీయో మునిసిపాలిటీయో తెలియదు కదా!

బ్రిటన్‌లో దీనికొక మామూలు పద్ధతుంది. వీధి దీపాలు సుమారు 180 మీటర్లకు మించని దూరాల్లో వరసగా ఉంటే, వేరే బోర్డు లేనంతవరకు అక్కడ పరిమితి 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు. దీపాలు ఉన్నాయంటే మనుషులు ఉన్నట్టే, అంతే లెక్క. వేల్స్‌లో 2023 సెప్టెంబరు నుంచి దాన్ని 20 మైళ్లకు, అంటే 32 కిలోమీటర్లకు దించారు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడుంటే అడగండి, చెబుతారు. అక్కడ 70 మైళ్ల వేగంతో మోటార్‌వే మీద నడపడం అలవాటైన పిల్లలు సంక్రాంతికొచ్చి మన హైవే ఎక్కి, రోడ్డు చూడ్డానికి అలాగే ఉంది కదా అని అదే వేగంలో పోతారు. చూడ్డానికి అలాగే ఉండటమే దీనిలోని ప్రమాదం.

ఇప్పుడు నా పనిలోకి వస్తాను. వేగాన్ని కిలోమీటర్లలో చెబితే మనసుకు పట్టదు. మేడల్లో చెబుతాను. 30 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకోవడం అంటే సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి పడటం. ఒక అంతస్తు. 50 అంటే దాదాపు పది మీటర్లు, మూడంతస్తులు. 70 అంటే ఆరంతస్తులు. 100 అంటే పదమూడు. 120 అయితే పందొమ్మిది అంతస్తుల మీంచి దూకినట్టు. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. స్కూల్లో చదువుకున్నదే, స్టీరింగ్ పట్టుకోగానే మరిచిపోయేదే.

కారు దేన్నైనా గుద్దినప్పుడు ఒక్క దెబ్బ కాదు, మూడు తగులుతాయి. మొదట కారు ఆగుతుంది. లోపలి మనిషి ఆగడు, డ్యాష్‌బోర్డుకో ముందు సీటుకో కొట్టుకునే దాకా అదే వేగంతో వెళ్తాడు. మనిషి ఆగాక కూడా అతని అవయవాలు ఆగవు. మెదడు పుర్రెకు కొట్టుకుంటుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, అది ఛాతీలో బిగిసి ఉన్న చోట చిరుగుతుంది. కాలేయం, ప్లీహం పగులుతాయి. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ రెండో దెబ్బను బాగా తగ్గిస్తాయి. మూడో దెబ్బను కొంతవరకే. అందుకే ఒంటి మీద గీత కూడా లేకుండా నడుచుకుంటూ వచ్చిన మనిషి గంట తర్వాత మా కళ్ల ముందే తెల్లగా పాలిపోతాడు. ‘బాగానే ఉన్నాడు కదా, ఇంటికి తీసుకెళ్తాం’ అని బంధువులు గొడవపడే కేసులివే. రోడ్డు దాటే మనిషికైతే బెల్టూ లేదు, ఎయిర్‌బ్యాగూ లేదు. బంపరు మోకాలి దగ్గర, బానెట్ తుంటి దగ్గర, అద్దం తలకు, ఆ తర్వాత తారు రోడ్డు.

ఈ లెక్కనే రోడ్ల వర్గీకరణకు పునాదిగా పెట్టుకున్న దేశం స్వీడన్. 1997లో అక్కడి పార్లమెంటు ‘విజన్ జీరో’ విధానాన్ని ఆమోదించింది. దాని వెనకున్న ఆలోచన ఏమిటంటే, మనిషి పొరపాటు చేయక మానడు, ఆ పొరపాటుకు మరణశిక్ష పడకుండా రోడ్డుండాలి. రోడ్డు ఎంత వెడల్పని వాళ్లు అడగరు. ఈ రోడ్డు మీద ఎవరు ఎవర్ని గుద్దే అవకాశం ఉందని అడుగుతారు. మనుషులు, బండ్లు కలిసే చోట 30. బండ్లు ఒకదాన్నొకటి పక్క నుంచి గుద్దే కూడళ్లలో 50. ఎదురెదురుగా ఢీకొనే వీలుంటే 70. ఈ మూడూ అసాధ్యమైన చోట మాత్రమే వంద, ఆపైన. ఇది ఇంజినీర్ల లెక్కలా కనిపిస్తుంది కానీ, ఒళ్లు ఎంత దెబ్బకు తట్టుకుంటుందన్న వైద్యం నుంచే వచ్చింది.

ఈ కొలత పట్టుకుని మన నాలుగు వరసల రోడ్డును చూడండి. డివైడర్ ఉంది, ఎదురెదురు ఢీ తప్పిందని అనుకుంటాం. కానీ యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి రాంగ్ రూట్‌లో బైకు వస్తుంది. డివైడర్‌కు గండి కొట్టిన చోట ట్రాక్టర్ అడ్డంగా తిరుగుతుంది. దాబా ముందు లారీ సగం రోడ్డు మీదే ఆగి ఉంటుంది. స్వీడన్ లెక్కలోని మూడు ఢీలూ, కిలోమీటరుకు ఒకటి చొప్పున, మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఆగే దూరం లెక్క వేసుకోండి. రోడ్డు మీద పిల్లాడు కనిపించాక కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి సెకనున్నర పడుతుంది అనుకుందాం. రోడ్డు పొడిగా ఉంది, టైర్లు మంచివి. 70లో ఉన్న కారు సుమారు 56 మీటర్లలో ఆగుతుంది. 100లో ఉన్న కారుకు దాదాపు 97 మీటర్లు కావాలి. ‘41 మీటర్ల తేడాయే కదా’ అనకండి. 70 కారు పూర్తిగా ఆగిపోయిన ఆ చోటుకు వచ్చేసరికి, 100 కారు ఇంకా 85 పైన వేగంతో ఉంటుంది. ఒకటి పిల్లాడి ముందు ఆగింది. రెండోది దాదాపు పదంతస్తుల ఎత్తుతో పిల్లాడిని తాకింది. రాత్రి పూట ఇంకో చిక్కుంది. డిమ్ లైట్‌లో మనకు బాగా కనిపించేది యాభై, అరవై మీటర్లే. అంటే డిమ్ వేసుకుని వందలో వెళ్లేవాళ్లు తమకు కనిపించే దూరంలో ఆగలేరు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొట్టిన వార్త వారానికొకసారైనా మీ పేపర్లో చదువుతున్నారు కదా, దాని వెనక లెక్క ఇది. డ్రైవర్ నిద్రమత్తు అని రాస్తారు. మెలకువగా ఉన్నా ఆ వేగంలో ఫలితం పెద్దగా మారదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో టూవీలర్ల మీదున్నవాళ్లు 44.5 శాతం, నడిచిపోతున్నవాళ్లు 19.5 శాతం. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతమే, ఎక్స్‌ప్రెస్‌వేలతో కలిపి చావుల్లో వాటి వాటా 36 శాతం. మొత్తం చావుల్లో 71 శాతం అతివేగం ఖాతాలో ఉంది. ఆ ఖాతా గురించి నాకొక అనుమానం లేకపోలేదు. ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగం, అజాగ్రత్త’ అని రాయడం ఒక అలవాటు, ఆ మాటతో రోడ్డు వేసినవాళ్లు తప్పించుకుంటారు. ఆ అనుమానాన్ని తీసేసి చూసినా, చనిపోయిన ముగ్గురిలో దాదాపు ఇద్దరు కారులో లేనివాళ్లే. ఈ సంచిక చదివేవాళ్లలో చాలామంది స్టీరింగ్ దగ్గర ఉన్నవాళ్లు. అందుకే మీతో చెబుతున్నాను.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన పెద్దకుంట తండా ఉంది. తండాకు, పనులున్న అవతలి వైపుకు మధ్య నుంచి రోడ్డు వచ్చింది. రేషనన్నా, పింఛనన్నా, కూలి పనన్నా ఆ రోడ్డు దాటాల్సిందే. దాటుతూ మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ‘హైవే వితంతువుల తండా’ అని దేశ విదేశాల పత్రికలు రాశాయి. ‘చూసుకుని దాటాలి కదా’ అనడం తేలిక. వందలో వచ్చే కారు సెకనుకు 28 మీటర్లు వస్తుంది. నాలుగు వరసలు దాటడానికి ఒక పెద్దావిడకు పదిహేను సెకన్లు పడితే, ఆమె అడుగేసే సమయానికి ఆ కారు నాలుగు వందల మీటర్ల అవతల, ఒక చుక్క. శుక్లాలున్న కంటికి ఆ చుక్క కూడా కాదు.

ఇక ‘ఊరూరా తగ్గిస్తే చేరేదెప్పుడు’ అంటారు. ఇదీ లెక్కే వేద్దాం. కిలోమీటరు పొడవున్న ఊరిని 100లో దాటితే 36 సెకన్లు, 50లో దాటితే 72. ఊరికి 36 సెకన్ల నష్టం. దారిలో ఇరవై ఊళ్లుంటే పన్నెండు నిమిషాలు. సూర్యాపేటలో ఆగి టీ తాగి, పిల్లలను బాత్రూమ్‌కు తీసుకెళ్లి వచ్చేసరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

తగ్గించాలనుకున్నా తగ్గదు, దానికొక కారణం ఉంది. గంటసేపు వందలో నడిపిన కంటికీ చెవికీ 60 అంటే పాకుతున్నట్టు అనిపిస్తుంది. ఇది మెదడు చేసే మోసం, డ్రైవింగ్ నైపుణ్యంతో సంబంధం లేదు. ఔటర్ దిగగానే, పెద్ద రోడ్డు నుంచి సర్వీస్ రోడ్డులోకి రాగానే జరిగేది ఇదే. ‘తగ్గించాను’ అన్న భావన మీద ఆధారపడకండి, స్పీడోమీటర్ ముల్లు చూడండి. పక్క సీట్లో ఉన్నవాళ్లకు ఆ పని అప్పగించండి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అమ్మాయిది, కనికరం లేకుండా చేస్తుంది.

బోర్డు లేని ఊళ్లో మీరే వేగం రాసుకోవాలంటే బ్రిటన్ వాళ్ల వీధి దీపాల పద్ధతి చాలు. దీపాలు మొదలైతే, దుకాణాలు మొదలైతే, డివైడర్‌కు గండి కనిపిస్తే, యాభై. బడి గంట కొట్టే వేళైతే ముప్ఫై. వెనక లారీవాడు హారన్ కొడతాడు, కొట్టనీయండి. ఇండికేటర్ వేసి ఎడమకు రండి. చలానా సంగతి వేరే. 183వ సెక్షన్ కింద కారుకు వెయ్యి నుంచి రెండు వేలు. ఆ జరిమానాకు భయపడి కెమెరా ఉన్న చోట మాత్రమే బ్రేక్ వేసేవాళ్లను చూసి నేను నవ్వుకోలేను. కెమెరా లేని చోటు నుంచే మా దగ్గరికి వస్తారు.

అయితే ఇదంతా మీ కాలి మీద మాత్రమే వదిలేస్తే అన్యాయం. ఊరి మధ్య నుంచి హైవే వేసి, అండర్‌పాస్ కట్టకుండా, వందకు వదిలేసినవాళ్ల బాధ్యత మాటేమిటి? 2019లో చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణం సంభవిస్తే ఆ కాంట్రాక్టరుకు, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఒక ప్రాణానికి లక్ష! అదైనా పడాలంటే, ఆ చోటు ప్రమాదకరమని ముందే ఎవరో చెప్పి, ఆ మాట కాగితం మీద ఉండాలి.

చెప్పే పని మీరు చేయవచ్చు. జాతీయ రహదారుల మీద ఏ ఇబ్బందికైనా 1033 నంబరుంది. మీ సొంతూరి దగ్గర రోడ్డు గురించైతే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కాగితం పెట్టండి, కలెక్టరేట్‌లో ఇస్తే చేరుతుంది. ‘మా ఊళ్లో ప్రమాదాలు జరుగుతున్నాయి’ అని రాస్తే ఫైలు కదలదు. కిలోమీటరు రాయి నంబరు రాయండి. బడి ఎంత దూరంలో ఉందో, రోజూ ఎంతమంది ఏ వేళల్లో దాటుతున్నారో రాయండి. ఈ అర కిలోమీటరులో పరిమితి 50కి తగ్గించి బోర్డు పెట్టాలని, అండర్‌పాస్ కట్టాలని విడివిడిగా అడగండి. ఒక ఫొటో జత చేయండి, వీధి దీపం, బడి గేటు, డివైడర్ గండి మూడూ అందులో కనిపించేలా.